మూత బిగువే అసలు పరీక్ష: ఏటికొప్పాక లక్క భరిణెలు, చిన్న చెక్క కానుకలపై సమీక్ష

గృహప్రవేశానికో, సీమంతానికో, బారసాలకో వచ్చిన వారికి తాంబూలంతో పాటు చేతిలో ఏ వస్తువు పెట్టాలన్నది తెలుగు ఇళ్లలో ఇప్పుడు ఒక పెద్ద చర్చ. స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ బుట్టలు, జర్మన్ సిల్వర్ పళ్లేలు ఒక ఇంటి నుంచి ఇంకొక ఇంటికి, అక్కడి నుంచి మరో పేరంటానికి ప్రయాణం చేసి, చివరికి బయలుదేరిన ఇంటికే తిరిగి వచ్చిన సందర్భాలూ లేకపోలేదు. అందుకే కాబోలు, చెక్కతో, లక్కతో, ప్రకృతి రంగులతో చేతిపనిగా తయారయ్యే చిన్న కానుకల వైపు చాలామంది మొగ్గు చూపుతున్నారు. మా గృహప్రవేశానికి మేము కూడా అటువంటివే ఎంచుకుని, ఏటికొప్పాకలో ఒక కుటుంబం నడుపుకుంటున్న చిన్న పనిశాలలో చేయించుకున్నాము. పంచగా మిగిలిన వాటిని ఇంట్లో రోజూ వాడుతూ, పుచ్చుకున్న వారి ఇళ్లలో అవి ఎలా ఉన్నాయో కూడా చూస్తూ వచ్చిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. పనిశాల పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఆ ఊళ్లో అటువంటివి ఇంకా ఉన్నాయి, నేను చెప్పబోయే గుణదోషాలు చాలావరకు ఆ పనితీరుకు సంబంధించినవే.

తీరిక లేని వారి కోసం తీర్పు ముందే చెప్పేస్తాను. కుంకుమ భరిణెలు, వేళ్లతో తిప్పే బొంగరాలు కళ్లు మూసుకుని కాకపోయినా, ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని చూసి మరీ కొనదగినవి. లక్కపిడతల సెట్టు చిన్నపిల్లలు ఉన్న ఇంటికి ఇవ్వదగినదే గాని, అందరికీ ఒకే మూసలో పంచేది కాదు. కీ చైన్లు, పెన్ స్టాండులు, ఫ్రిజ్ మీద అతికించే బొమ్మలు మాత్రం పేరుకు చేతిపని అనిపించుకున్నా, ఆ చేతిపనిలోని గొప్పతనం వాటిలో ఎక్కడా కనిపించదు. కానుక చిన్నదైనప్పుడు దానికి రోజూ చేసే పని ఒకటి ఉండాలన్నది నా అభిప్రాయం. చూసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాని చిన్న వస్తువు నాలుగు నెలల్లో షోకేసులో వెనక వరుసకు, ఆ తరువాత అటక మీదికి చేరుతుంది.

విశాఖపట్నానికి సుమారు 64 కిలోమీటర్ల దూరంలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వస్తుంది. ఇక్కడి సామానుకు ఆధారం అంకుడు కర్ర. వృక్షశాస్త్రంలో రైటియా టింక్టోరియా అని పిలిచే ఈ చెట్టు కర్ర దంతపు రంగులో, సన్నటి పోగుతో, ఉలికి సులువుగా లొంగేంత మెత్తగా ఉంటుంది. టేకులాగా దీనిలో కొట్టొచ్చినట్టు కనిపించే చారలు ఉండవు కాబట్టి, పైన పూసిన లక్క రంగు ఎక్కడా మరకలు కట్టకుండా సమానంగా పరుచుకుంటుంది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్, అంటే ఆ ఊరి పేరు మీద ఆ సరుకుకు ఇచ్చే అధికారిక గుర్తింపు) లభించింది. మధ్యలో రసాయన రంగులు రాజ్యమేలిన కాలం ఒకటి నడిచినా, ప్రకృతి రంగులను తిరిగి ఈ పనిలోకి తీసుకురావడానికి దశాబ్దాల తరబడి కృషి చేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ప్రకటించారు. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం కూడా ఈ బొమ్మలదే. శకటం మీద నిలబెట్టిన బొమ్మలు ఎంత భారీగా ఉన్నా, ఆ ఊరి పనితనం తెలియాలంటే అరచేతిలో ఇమిడే వస్తువునే చూడాలి. పెద్ద బొమ్మలో చిన్న తేడాలు దాగిపోతాయి, భరిణెలో దాగవు.

పని జరిగే తీరును కొంచెం వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే కొనేటప్పుడు ఏమి చూడాలన్నది దాన్ని బట్టే తెలుస్తుంది. బెరడు తీసి ఆరబెట్టిన కర్ర ముక్కను లేతు మిషనుకు బిగించి తిప్పుతూ, పనివారు ఉలితో ముందు దానిని గుండ్రంగా చదును చేస్తారు. పూర్వం ఒకరు తాడు లాగి తిప్పుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు. ఇప్పుడు ఆ తాడు లాగే మనిషి పనిని కరెంటు మోటారు చేస్తున్నది. మేము చూస్తుండగా ఆ ఇంటి పెద్దాయన ఒకే ముక్కలో ముందు మూతను, ఆ తరువాత డబ్బాను తీశారు. లోపలి భాగాన్ని సన్నటి ఉలితో తొలిచి, అంచు దగ్గర ఉలిని అతి మెల్లగా ఆనిస్తూ, మధ్యమధ్యలో మిషను ఆపి మూత పెట్టి చూసుకుంటూ, మళ్లీ వెంట్రుకవాసి గీస్తూ వెళ్లారు. కొలత పరికరం ఏదీ వాడలేదు. మూత లోపలికి దిగేటప్పుడు వేలికి తగిలే ఒరిపిడే ఆయనకు కొలత. ఆ ఒక్క అంచు దగ్గర పట్టిన సమయం మిగతా ఆకారమంతటికీ పట్టినంత ఉంది.

రంగు వేసే ఘట్టం ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఇందులో కుంచె ఉండదు, డబ్బాలో కలిపిన రంగు కూడా ఉండదు. నిప్పుల సెగ మీద మెత్తబరిచిన లక్కలో రంగు పొడి వేసి, సాగదీసి మడతలు పెడుతూ బాగా కలిసేదాకా పిసికి, కడ్డీలుగా చుట్టి ఆరబెట్టుకుంటారు. గిరగిరా తిరుగుతున్న చెక్కకు ఆ కడ్డీని ఒత్తిపట్టగానే, రాపిడికి పుట్టే వేడికి లక్క కరిగి చెక్కకు పట్టుకుంటుంది. మొదట అది గరుకుగా, అక్కడక్కడ ముద్దలుగా కనిపిస్తుంది. తరువాత ఎండిన మొగలి ఆకును దాని మీద అదిమి పట్టగానే ఆ గరుకుతనమంతా పోయి, రంగు నునుపుగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. భరిణె మీద కనిపించే సన్నటి పసుపు, ఎరుపు గీతలన్నీ తిరుగుతున్న చెక్క మీద కడ్డీ మొనను క్షణం పాటు ఆనించి తీసినవే. చేయి కాస్త వణికినా గీత వెడల్పు మారుతుంది. కాబట్టి గీతల్లో కొద్దిపాటి హెచ్చుతగ్గులు కనిపిస్తే దానిని లోపంగా లెక్కపెట్టనక్కరలేదు.

లోపంగా లెక్కపెట్టవలసినది మూతలో ఉంటుంది. మా భరిణెలను తెచ్చుకునే ముందు ఒక్కొక్కదాన్నీ ఇలా పరీక్షించాము. మూతను పెట్టి, మూత మీది బుడిపెను రెండు వేళ్లతో పట్టుకుని భరిణెను మొత్తంగా పైకి లేపాలి. డబ్బా ఊడి పడకూడదు. ఆ తరువాత మూతను ఒక పూర్తి చుట్టు తిప్పాలి. ఎక్కడా పట్టేసినట్టు గాని, ఒక వైపు వదులై ఇంకొక వైపు బిగిసినట్టు గాని ఉండకూడదు. చివరగా తెరిచినప్పుడు లోపలి గాలి విడివడుతున్నట్టు చిన్న చప్పుడు రావాలి. ఈ మూడూ సరిగ్గా ఉన్న భరిణెను చేతి సంచిలో వేసుకుని గుడికి వెళ్లినా కుంకుమ ఒలకదు. మేము తీసుకున్న వాటిలో చాలావరకు ఈ పరీక్షకు నిలిచాయి. నిలవని వాటిని ఆ ఇంటివారు మారు మాట లేకుండా పక్కన పెట్టి వేరేవి ఇచ్చారు. పక్కన పెట్టినవాటిని చెప్పకుండా మళ్లీ కలిపేసి ఉంటే మాకు తెలిసేది కాదన్నది నిజం, అడగగానే మార్చి ఇవ్వడం వారి మర్యాద అన్నదీ నిజం.

ఇంత పరీక్ష చేసి తెచ్చుకున్నా, కొన్ని భరిణెల మూతలు కాలక్రమంలో మారాయి. దీనికి కారణం కర్రలో ఉంది. చెక్క చుట్టూ ఉన్న గాలిలోని తేమను బట్టి కొద్దిగా ఉబ్బుతుంది, కొద్దిగా ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడం అన్ని వైపులా ఒకేలా ఉండదు. ఎదుగుదల వలయాల వెంబడి ఎక్కువగా, కేంద్రం నుంచి అంచు వైపుకు తక్కువగా ఉంటుంది. కర్రను పూర్తిగా ఆరబెట్టకుండా తొందరపడి తిప్పితే, చేసిన రోజున నిండు గుండ్రంగా ఉన్న డబ్బా కొద్ది నెలలకు కంటికి కనపడనంత కోలగా మారుతుంది. కంటికి కనపడకపోయినా మూతకు తెలిసిపోతుంది. సముద్రపు గాలి తగిలే విశాఖలో మా చెల్లెలి ఇంట్లో ఉన్న భరిణె వర్షాకాలంలో తెరవడానికి కాస్త బలం కావాలి. అదే జతలోని రెండోది హైదరాబాదులో ఏసీ గదిలో వదులుగా ఉంది. అమెరికాలో చలికాలమంతా హీటరు నడిచే ఇళ్లలో గాలి ఇంకా పొడిగా ఉంటుంది కాబట్టి, అక్కడి బంధువులకు పంపేవారు కాస్త బిగువు ఎక్కువ ఉన్న మూతలనే ఎంచుకోవడం మంచిది. కర్రను ఎంతకాలం ఆరబెట్టారని పనివారిని అడగడంలో తప్పు లేదు. బాగా ఆరిన కర్ర కావాలంటే ముందుగా చెప్పమని వారే అంటారు. పైగా అంకుడు కర్ర ఒకప్పటిలా చుట్టుపక్కల అడవుల్లో విరివిగా దొరకడం లేదన్నది ఆ ఊళ్లో అందరూ చెప్పే మాట. దొరికిన కర్రను దొరికినట్టే వాడేయవలసిన ఒత్తిడి వారికి ఉందని కూడా కొనేవారు గుర్తుంచుకోవాలి.

రంగుల విషయానికి వస్తే, పసుపు కొమ్ముల నుంచి పసుపు రంగు, నీలిమందు నుంచి నీలం, ఆ రెండూ కలిపితే ఆకుపచ్చ, జాఫ్రా గింజల నుంచి నారింజ ఛాయ వస్తాయి. ఈ రంగులు కొట్టొచ్చినట్టుండవు. ఎరుపు ఇటుక రంగుకు, ఆకుపచ్చ ముదురు చింతాకు రంగుకు దగ్గరగా ఉంటాయి. మెరిసిపోయే గులాబీ, చిలకపచ్చ కోరుకునే వారికి ఇవి వెలిసిపోయినట్టు అనిపించవచ్చు. మా బంధువుల్లో ఒకరు ఆ మాట పైకే అన్నారు. నాకైతే పూజగదిలో ఇత్తడి కుంది పక్కన ఈ రంగులే అమరికగా కనిపించాయి. అయితే ఒక నిజమైన బలహీనత ఉంది. పసుపు నుంచి తీసిన రంగు ఎండకు నిలవదు. తూర్పు కిటికీ పక్కన పెట్టిన మా భరిణె వెలుతురు తగిలే వైపు పాలిపోయి, గోడ వైపు మాత్రం మొదటి రోజులాగే ఉంది. నీలం గీతలు రెండు వైపులా చెక్కుచెదరలేదు. కాబట్టి వెలుతురు బాగా పడే చోట ఉంచే వస్తువుకు నీలం, ముదురు గోధుమ రంగులు ఎంచుకుని, పసుపును అలమరలో ఉండే వాటికి వదిలేయడం మేలు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇదే పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మే సామానంతా లక్కపని కాదు. మొదట ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి నమూనాకు తెప్పించిన భరిణెల మీద ఉన్నది మామూలు ఎనామెల్ పెయింటు. పెట్టె విప్పగానే వచ్చిన వాసనే ఆ సంగతి చెప్పింది. వాసన పోయాక తేడా కనిపెట్టడం అంత సులభం కాదు గాని అసాధ్యమూ కాదు. లక్క పూత కాస్త లోతుగా, వెలుగు లోపలి నుంచి వస్తున్నట్టు ఉంటుంది. దగ్గరగా చూస్తే చెక్క తిరిగిన దిశలో అతి సన్నటి చుట్లు కనిపిస్తాయి. కుంచెతో వేసిన పెయింటులో ఆ చుట్లు ఉండవు, అంచుల దగ్గర రంగు కారి ఆగిన చిన్న గడ్డలు ఉంటాయి. ఇంకా అనుమానం ఉంటే, స్పిరిట్‌లో తడిపిన దూది పీచుతో భరిణె అడుగున ఒక మూల రుద్ది చూడవచ్చు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది కాబట్టి దూదికి రంగు అంటుకుంటుంది, ఎండి గట్టిపడిన ఎనామెల్ సాధారణంగా అంటుకోదు. ఈ పరీక్ష కానుకగా ఇవ్వబోయే వస్తువు మీద కాకుండా, నమూనాగా తెచ్చుకున్నదాని మీద చేయాలని వేరే చెప్పనక్కరలేదు.

బొంగరాల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఇవి తాడు చుట్టి విసిరే మేకు బొంగరాలు కావు. పైన ఉన్న సన్నటి కాడను రెండు వేళ్ల మధ్య నలిపి వదిలితే నేల మీద తిరిగేవి. కొనేటప్పుడు దుకాణంలోనే బల్ల మీద ఒకసారి తిప్పి చూస్తే చాలు. బరువు సమంగా పడినది ఒకే చోట నిలబడి నిద్రపోతున్నట్టు తిరుగుతుంది, లేనిది తల ఊపుకుంటూ బల్ల అంచుకు పరుగెడుతుంది. గృహప్రవేశానికి వచ్చిన పిల్లలకు ఇవి పంచిపెట్టాము. ఆ పూట పెద్దవాళ్ల చేతుల్లోనే అవి ఎక్కువసేపు తిరిగాయన్నది వేరే సంగతి. ధర విషయంలోనూ అన్నింటికంటే చవకైనవి ఇవే.

లక్కపిడతలు అనగానే మన ఇళ్లలో పెద్దవారి ముఖాలు వెలుగుతాయి. పొయ్యి, కడవ, రోలు, రోకలి, తిరగలి, గిన్నెలు, గరిటె అన్నీ బొటనవేలంత పరిమాణంలో ఒక తాటాకు బుట్టలో అమర్చి ఇస్తారు. పనితనం ముచ్చటగా ఉంది. తిరగలి పైరాయి నిజంగానే తిరుగుతుంది, రోకలి రోట్లో సరిగ్గా పడుతుంది. అయితే వీటిని ఇచ్చేటప్పుడు పిల్లల వయసు చూసుకోవాలి. గరిటె, చిన్న మూతలు నోట్లో పట్టేంత చిన్నవి కాబట్టి, అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవి తగవు. ఆ వయసుకు గిలక్కాయ సరిపోతుంది. లక్క స్వయంగా హానికరమైన పదార్థం కాదు; శుద్ధి చేసిన లక్కను మాత్రల మీద, మిఠాయిల మీద పూతగా కూడా వాడతారు. అందువల్ల ప్రకృతి రంగులతో చేసినదని నమ్మకం ఉన్న చోట కొన్న గిలక్కాయను పసివాడు కొరికినా కంగారు పడనక్కరలేదు. పెయింటు పూసిన దానికి మాత్రం ఈ మాట వర్తించదు, అందుకే పైన చెప్పిన తేడాలు పసిపిల్లల సామాను విషయంలో అందం కోసం కాకుండా ఆరోగ్యం కోసం చూసుకోవాలి. కొందరు ఐఎస్ఐ గుర్తు లేదని సందేహిస్తుంటారు. కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన ఆటబొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి అయినా, నమోదు చేసుకున్న హస్తకళాకారులు తయారుచేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు కింద అధీకృతులైన వారి బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. కాబట్టి గుర్తు లేనంత మాత్రాన అది నాసిరకమని గాని, చట్టవిరుద్ధమని గాని అనుకోనక్కరలేదు.

కీ చైన్ల మీద నాకున్న అసంతృప్తికి కారణం చెక్క కాదు, దానికి తగిలించిన లోహపు రింగు. చెక్క గుండు ఎంత చక్కగా ఉన్నా, దానిలోకి మరతో దూర్చిన కొక్కెం కొద్దికాలానికే వదులై ఊడి వస్తుంది. జేబులో తాళాల రాపిడికి లక్క పూత మీద గీతలు పడటం ఇంకొక తంటా. రాపిడిలో పుట్టిన పూతను రోజూ రాపిడికి గురిచేసే వస్తువుగా మార్చడం నాకు వింతగానే అనిపించింది. పెన్ స్టాండులు పర్వాలేదు గాని, అదే ధరకు రెండు మంచి భరిణెలు వస్తాయి.

చిన్న చెక్క కానుకలనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది కొండపల్లి బొమ్మలు కాబట్టి, వాటితో పోల్చి ఎందుకు ఇవే ఎంచుకున్నామో చెప్పాలి. విజయవాడ దగ్గరి కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను చెక్కి, ఒక్కొక్క అవయవాన్నీ విడిగా చేసి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, సున్నం పూత మీద రంగులు వేస్తారు. 2007లోనే వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంబారీ ఏనుగు, దశావతారాలు, కల్లు గీసే మనిషితో తాటిచెట్టు వంటి వాటికి సాటి లేదు. బొమ్మల కొలువు పెట్టే ఇంటికి నేను ఇప్పటికీ వాటినే ఇస్తాను. కాని అవి చూడటానికి చేసినవి, వాడటానికి చేసినవి కావు. తాటిచెట్టు మట్టలు ప్రయాణంలో విరగకుండా ఊరు దాటించడం ఒక యజ్ఞం. నిర్మల్ బొమ్మలదీ అదే కోవ. పొణికి కర్రతో అచ్చం నిజమైనట్టుండే పళ్లు, కూరగాయలు, జంతువులు చేస్తారు. వాటికి 2009లో గుర్తింపు వచ్చింది. నిర్మల్ జామకాయను అతిథి ఒకరు కొరకబోయారన్న కథ ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. నిజంగా పోటీకి నిలిచేవి నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు. వంటింట్లో రోజూ వాడుకునేవి, నాన్‌స్టిక్ పెనాన్ని గీకనివి, పైపెచ్చు పిడి మీద సన్నటి చెక్కడపు పని ఉన్నవి. వంట మీద మక్కువ ఉన్న వారికి భరిణె కంటే ఉదయగిరి గరిటె మంచి కానుక అని నేను ఒప్పుకుంటాను. అయితే పసుపు కుంకుమలతో కలిపి పెట్టే తాంబూలంలో గరిటె ఎంత అందంగా ఉన్నా కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది.

జాగ్రత్తల విషయంలో పనివారు చెప్పినవి, మేము గమనించినవి కలిపి చెబుతాను. లక్క వేడికి మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద భరిణెను వదిలేస్తే వేలిముద్రలు పడేంతగా పూత మెత్తబడి, పక్కనున్న కాగితానికి అంటుకుపోతుంది. దీపం కుందికి ఆనించి పెట్టకూడదు. తడిగుడ్డతో ఒకసారి తుడిచినంత మాత్రాన ఏమీ కాదు గాని, నీళ్లలో నానబెడితే పూత తెల్లబారుతుంది, చెక్క ఉబ్బుతుంది. చేతులకు శానిటైజర్ రాసుకుని తడి ఆరకముందే పట్టుకుంటే అందులోని ఆల్కహాలుకు లక్క కరిగి మెరుపు పోతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు, కానుకతో పాటు ఒక చిన్న చీటీ మీద రాసి పెడితే బాగుంటుంది. భరిణె లోపలి భాగానికి సాధారణంగా పూత ఉండదు కాబట్టి పొడి కుంకుమ, పొడి పసుపు, వక్కపలుకులు, చెవిపోగులు పెట్టుకోవచ్చు. తడి కుంకుమ, గంధం ముద్ద, నూనె కలిపిన తిలకం పెడితే చెక్క పీల్చేసుకుని మూత బిగుసుకుపోతుంది. గంధం గిన్నె పేరుతో అమ్మేవి చూడముచ్చటగా ఉన్నా, ఈ కారణం వల్లే నేను వాటిని సిఫారసు చేయను.

ధరలు పరిమాణాన్ని బట్టి, గీతల పనిని బట్టి మారుతాయి. మేము తీసుకున్నప్పుడు చిన్న భరిణె 100 రూపాయలకు కాస్త అటూ ఇటూగా, పసుపు కుంకుమల జత దానికి రెట్టింపుకు లోపుగా పడింది. నగరాల్లోని ఎంపోరియంలలో ఇదే రకానికి ఎక్కువ ధర ఉంటుంది. అది అన్యాయమని నేను అనను. అక్కడ ఒకటి రెండు కొనుక్కునే వారికి ఊరిదాకా వెళ్లే ఖర్చు తప్పుతుంది. లేపాక్షి దుకాణాలలో ప్రభుత్వం తరఫున అమ్ముతారు కాబట్టి నకిలీ బెడద తక్కువ. పెద్ద సంఖ్యలో కావలసినవారు మాత్రం నేరుగా పనివారితో మాట్లాడుకోవడమే ఉత్తమం. అలా మాట్లాడేటప్పుడు బేరమాడటం మన అలవాటే అయినా, ఒక్క మూత అంచు దగ్గర వారు పడే శ్రమ చూశాక ఆ అలవాటు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. బేరమాడే బదులు ఎక్కువ గడువు ఇస్తే మనకే లాభం. పెళ్లిళ్ల కాలంలో, దసరా ముందు అందరూ ఒకేసారి అడుగుతారు. అప్పుడు తొందరలో తీసిన మూతలకు, తీరికగా తీసిన మూతలకు తేడా చేతికి తెలుస్తుంది.

సేవ విషయంలో మాకు అసౌకర్యం కలిగించినది ప్యాకింగు ఒక్కటే. పాత వార్తాపత్రికల్లో చుట్టి, అట్టపెట్టెలో వదులుగా సర్ది ఇచ్చారు. దారిలో కుదుపులకు భరిణెలు ఒకదానికొకటి తగిలి కొన్నింటి అంచుల దగ్గర పూత పెచ్చు లేచింది. అడిగితే ఎండుగడ్డి గాని, పలచటి నూలు సంచులు గాని సిద్ధం చేస్తారు, కాని అడగాలి. నూలు సంచిలో పెట్టించుకుంటే అది కానుకకు తొడుగుగా కూడా పనికొస్తుంది. ప్లాస్టిక్ కవర్లో మాత్రం వద్దు, లోపల చేరిన తేమకు మూతలు పట్టేస్తాయి. విదేశాలకు తీసుకువెళ్లేవారు, ముఖ్యంగా ఆస్ట్రేలియా వెళ్లేవారు, చెక్క వస్తువులు ఉన్నాయని విమానంలో ఇచ్చే ప్రవేశ పత్రంలో తప్పనిసరిగా తెలపాలి. బెరడు, పురుగు రంధ్రాలు లేని పూత వేసిన వస్తువులను చూసి సాధారణంగా అనుమతిస్తారు, చెప్పకుండా తీసుకువెళ్తేనే చిక్కు. భరిణె అడుగున గుండుసూది బెజ్జం అంతటి రంధ్రం, దాని చుట్టూ సన్నటి పిండి కనిపిస్తే అది పురుగు పట్టిన కర్ర. అటువంటిది దేశం దాటించడం మాట అటుంచి, ఇంట్లో పెట్టుకోవడం కూడా మంచిది కాదు.

రాబోయే ఓణీల వేడుకకు మా అన్నయ్య వాళ్లు కూడా ఇదే పనిశాలను అడుగుతున్నారు. పసుపు కుంకుమల జతలు, పిల్లలకు బొంగరాలు, అంతే. కర్ర ఆరడానికి గడువు ఉండేలా ముందే బయానా ఇవ్వమని, మూత మీద పేర్లు చెక్కించాలన్న ఆలోచనను మాత్రం మానుకోమని చెప్పాను. పేరు చెక్కిన భరిణెను పుచ్చుకున్నవారు ఇంకెవరికీ ఇవ్వలేరు నిజమే, కాని ఆ చెక్కడం లక్క పూతను చీల్చుకుంటూ పోతుంది, పెచ్చులు లేవడం మొదలయ్యేది అక్కడి నుంచే.